ప్లేటులో విబ్రియో, కణంలో ఈహెచ్‌పీ: ఎదగని వనామి చెరువు, ఒక కేస్ స్టడీ

గోదావరి పశ్చిమ డెల్టాలోని ఒక వనామి రొయ్యల చెరువు మీద పంట మధ్యలోనే మూడు ల్యాబ్ రిపోర్టులు వచ్చాయి. ఒకటి విబ్రియో అనే బ్యాక్టీరియా ఎక్కువగా ఉందంది. ఇంకొకటి తెల్ల రెట్టలో గ్రెగరైన్లు, అంటే పేగులో బతికే పరాన్నజీవులు, కనబడ్డాయంది. మూడోది ఈహెచ్‌పీ, అంటే రొయ్య కణాల్లో పెరిగే ఒక పరాన్నజీవి, నెగెటివ్ అంది. ఆ మూడు పరీక్షలూ చేసిన పద్ధతిలో పెద్ద తప్పేమీ లేదు. తేడా అంతా పరీక్షకు పెట్టిన ముక్క రొయ్యలో ఎక్కడిది, ఆ పరీక్ష దేన్ని చూడగలదు, దేన్ని చూడలేదు, కనబడినదాన్ని ఏమని చదివారు అన్న దగ్గర వచ్చింది. ఈ కేసు రాయడానికి కారణం అదే. రైతు, ఊరు, హ్యాచరీ, ముందు చూసిన ల్యాబుల వివరాలు తీసేశాం.

చెరువు సంగతి

రెండున్నర ఎకరాల చెరువు, అంటే దాదాపు ఒక హెక్టారు. అడుగు నల్లరేగడి. పోటు సమయంలో మురుగు కాలువ నుంచి ఎక్కించిన నీళ్లకు బోరు నీళ్లు కలిపి, ఉప్పుదనం 6 నుంచి 8 పీపీటీ (లీటరుకు అన్ని గ్రాముల ఉప్పు) మధ్య నడుపుతున్నారు. భీమవరం, ఆకివీడు, నరసాపురం చుట్టుపక్కల చాలా చెరువుల పరిస్థితి ఇదే: నీళ్లు తెచ్చుకునేదీ, వదిలేదీ ఒకే కాలువ. పై చెరువు వదిలిన నీళ్లు రెండో రోజు కింది చెరువు మోటారులోకి వస్తాయి. వ్యాధి ఏదైనా సరే, ఇక్కడ మొదట గుర్తుపెట్టుకోవలసిన విషయం ఇది.

చదరపు మీటరుకు 40 చొప్పున నాలుగు లక్షల పిల్ల వేశారు. ఆ పిల్లకు, అంటే సీడ్‌కు, వైట్‌స్పాట్ వైరస్, ఈహెచ్‌పీ రెండూ పీసీఆర్‌లో (డీఎన్‌ఏను వెతికే పరీక్షలో) నెగెటివ్ అని కాగితం ఉంది.

వచ్చిన సమస్య

యాభై రోజులు దాటేసరికి ఈ సాంద్రతలో 8, 9 గ్రాములు రావాలి. సగటు 5 గ్రాములు, అంటే 200 కౌంట్ (కిలోకు 200 రొయ్యలు) దగ్గర ఆగిపోయింది. అంతకంటే ముఖ్యమైన లక్షణం సైజులో తేడా. ఒకే వలలో రెండున్నర గ్రాముల రొయ్య, తొమ్మిది గ్రాముల రొయ్య కలిసి పడుతున్నాయి. రైతు చెప్పిన మాట: "చెక్ ట్రేలో బాగానే కనబడుతున్నాయండీ, విసురు వల వేస్తేనే గుండె జారిపోతోంది." ఈ ఒక్క మాటలో నమూనా ఎలా తీయాలో ఉంది. మేత పళ్లెంలోకి ముందు ఎక్కేది బలంగా ఉన్న రొయ్యే. చెక్ ట్రే చూసి చెరువు ఆరోగ్యం అంచనా వేస్తే జబ్బుపడ్డ సగం లెక్కలోకే రాదు.

గాలి కొట్టే గట్టు వారగా తెల్లటి దారాల్లాంటి రెట్టలు తేలుతున్నాయి. పెంకు కొన్నింటిలో వదులుగా ఉంది. చావులు మాత్రం దాదాపు లేవు. తెల్లవారుజామున ఆక్సిజన్ 4.5 పీపీఎం, ఆల్కలినిటీ 180 పైన, అమ్మోనియా హద్దులోనే ఉంది. కాబట్టి ఎదుగుదల ఆగడానికి నీటిని గానీ, మినరల్స్ లోపాన్ని గానీ ముందు వరసలో నిలబెట్టే ఆధారం లేదు.

ముందు జరిగినవి, అవి ఎందుకు తేలిపోయాయి

తెల్ల రెట్ట కనబడగానే డెల్టాలో మొదట జరిగే పని విబ్రియోను పెంచి లెక్కపెట్టే టీసీబీఎస్ అగార్ ప్లేటు వేయించడం. ఇక్కడా అదే జరిగింది. హెపాటోపాంక్రియాస్ నుంచి, అంటే రైతులు లివర్ అనే భాగం నుంచి, గ్రాముకు లక్షల్లో కాలనీలు వచ్చాయి, అందులో సగానికి పైగా ఆకుపచ్చవి. ఆకుపచ్చ అంటే ప్రమాదం అని లెక్కగట్టి నీటికి అయోడిన్, ఆపైన మేతలో గట్ ప్రోబయోటిక్ ఇచ్చారు. వారం పాటు రెట్టలు తగ్గాయి, తర్వాత మళ్లీ వచ్చాయి. ఎదుగుదలలో మార్పే లేదు.

టీసీబీఎస్ మీద రంగు చెప్పేది ఒక్కటే, ఆ బ్యాక్టీరియా సుక్రోజ్‌ను పులియబెడుతుందా లేదా అన్నది. పులియబెడితే ఆమ్లం వచ్చి కాలనీ పసుపు అవుతుంది, లేకపోతే ఆకుపచ్చగా ఉంటుంది. విబ్రియో పారాహీమోలిటికస్, విబ్రియో వల్నిఫికస్ ఆకుపచ్చగా వస్తాయి. అంతమాత్రాన ఆ కాలనీ జబ్బు చేసేదని కాదు. ఉప్పునీటి రొయ్య పేగులో, లివర్‌లో విబ్రియో ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న "ఎంత ఉంది" కాదు, "ఆరోగ్యంగా ఉన్నదాని కంటే ఇందులో ఎంత ఎక్కువ ఉంది" అని. ఆ పోలిక ఎవరూ చేయలేదు. పైగా ఆ ప్లేటు మీద పెరగనిది ఏదైనా అసలు కారణమైతే, ఎన్ని ప్లేట్లు వేసినా అది కనబడదు. మైక్రోస్పోరిడియా అనే సూక్ష్మ పరాన్నజీవులు, వైరస్‌లు బతికున్న కణం లోపల తప్ప అగార్ మీద పెరగవు.

రెండో మలుపు మైక్రోస్కోపు దగ్గర వచ్చింది. తెల్ల రెట్టను స్లైడు మీద నలిపి చూస్తే పురుగుల్లాంటి పొడవాటి ఆకారాలు గుంపులుగా కనబడ్డాయి. గ్రెగరైన్లు అని రిపోర్టు ఇచ్చారు, వెల్లుల్లి కలిపిన మేత మొదలైంది. ఇలా అనుకోవడం అసహజమేమీ కాదు. నెమటాప్సిస్ లాంటి గ్రెగరైన్లకు నత్తజాతి మధ్యంతర ఆతిథేయి కావాలి, డెల్టా చెరువుల్లో నత్తలకు కొదవలేదు. కానీ అసలైన గ్రెగరైన్‌లో కేంద్రకం ఉంటుంది, శరీరాన్ని రెండు భాగాలుగా విడదీసే అడ్డుగోడ ఉంటుంది, తాజా స్లైడులో మెల్లగా జారుతూ కదులుతుంది. ఈ రెట్టలో ఉన్నవాటికి అవేవీ లేవు. పారదర్శకంగా, లోపల ఏమీ లేని తొడుగుల్లా ఉన్నాయి. ఇవి జీవులే కావు. లివర్ గొట్టాల లోపలి కణాల మీదుండే సూక్ష్మ నూగు ఊడి, ఒకదానికొకటి చుట్టుకుని ఈ ఆకారంలోకి వస్తుంది. థాయ్‌లాండ్ పరిశోధకులు 2014లో దీన్ని వివరంగా చూపించారు. అంటే స్లైడు మీద కనబడింది పరాన్నజీవి కాదు, దెబ్బతిన్న లివర్ రాల్చిన తుక్కు. లివర్‌ను ఎవరు దెబ్బకొట్టారన్న ప్రశ్న అలాగే మిగిలింది.

మూడోది ఈహెచ్‌పీ పీసీఆర్. నెగెటివ్. ఆ కాగితం వల్లే ఈ కేసు మరో రెండు వారాలు దారి తప్పింది. రొయ్యలను చంపకుండా తీయొచ్చు కాబట్టి ఈతకాళ్లు కత్తిరించి పంపారు. వైట్‌స్పాట్ వైరస్‌కు అది మంచి నమూనా, ఎందుకంటే ఆ వైరస్ కాళ్లు, మొప్పలు, చర్మం కింది కణజాలంలో పెరుగుతుంది. ఈహెచ్‌పీ ఉండేది హెపాటోపాంక్రియాస్ గొట్టాల కణాల్లో. కాళ్లలో వెతికితే నెగెటివ్ రావడం మామూలే. రిపోర్టులో మాత్రం "ఈహెచ్‌పీ: నెగెటివ్" అని ఉంది, ఏ భాగంలో అన్నది లేదు.

మా ల్యాబ్‌లో ఎలా మొదలుపెట్టాం

ఎంటెరోసైటోజూన్ హెపాటోపెనాయి, అంటే ఈహెచ్‌పీ, ఒక మైక్రోస్పోరిడియా. 2009లో థాయ్‌లాండ్‌లో టైగర్ రొయ్య నుంచి దీనికి పేరు పెట్టారు. అదే ఏడాది మన దేశంలో వనామి పెంపకానికి అనుమతి వచ్చింది. 2016 నాటికి ఇక్కడి వనామి చెరువుల్లో ఈహెచ్‌పీ ఉన్నట్టు ప్రచురితమైంది. పెద్దగా చావులు తేకుండా ఎదుగుదలను ఆపి, సైజు తేడా తేవడం దీని లక్షణం. లక్షణాలు సరిపోతున్నాయి కాబట్టి ఒక నెగెటివ్ కాగితం చూసి దీన్ని జాబితాలోంచి తీసేయలేదు. దీంతో పాటు ఐహెచ్‌హెచ్‌ఎన్‌వీ అనే రొయ్య వైరస్‌ను కూడా పెట్టుకున్నాం, ఎందుకంటే వనామిలో కుంగిన ఎదుగుదల, సైజు తేడా ఆ వైరస్‌కూ గుర్తులే. ముక్కు వంకరలు ఎక్కడా లేకపోవడం దానికి వ్యతిరేకంగా ఉన్నా, కంటితో చూసి వదిలేయలేం.

నమూనా విషయంలో రైతును అడిగింది ఇది: ఐస్‌లో పెట్టిన చచ్చిన రొయ్య వద్దు, ఆక్సిజన్ పట్టిన సంచుల్లో బతికున్నవి కావాలి. విసురు వలతో నాలుగు మూలలా, మధ్యలో తీసి, చిన్నవి పదిహేను, పెద్దవి పదిహేను వేర్వేరు సంచుల్లో పెట్టాలి. రొయ్య చచ్చిన కొద్ది నిమిషాల్లోనే లివర్ తన ఎంజైములతో తనే కరగడం మొదలుపెడుతుంది. ఐస్‌లో మూడు గంటలు ప్రయాణించిన లివర్‌లో కణాల ఆకారమూ ఉండదు, డీఎన్‌ఏ కూడా ముక్కలవడం మొదలవుతుంది. మొత్తం ముప్పై ఎందుకంటే, చెరువులో పది శాతం రొయ్యలకు జబ్బుంటే కనీసం ఒకటి దొరికే అవకాశం 95 శాతం ఉండాలంటే ఆ సంఖ్య కావాలి. పెద్దా చిన్నా విడదీయడానికి కారణం కింద తెలుస్తుంది.

ప్రతి రొయ్య లివర్‌ను మూడు భాగాలు చేశాం. ఒకటి తాజా స్లైడుకు. ఒకటి 95 శాతం ఆల్కహాల్‌లో పీసీఆర్‌కు, కణజాలానికి పది రెట్లు ఆల్కహాల్ ఉండేలా. ఇంకొంచెం కల్చర్‌కు. హిస్టాలజీకి, అంటే కణజాలాన్ని పలచగా కోసి మైక్రోస్కోపులో చూడటానికి, విడిగా కొన్ని రొయ్యలను బతికుండగానే కణజాలం చెడకుండా నిలిపే డేవిడ్‌సన్ ద్రావణంతో ఇంజెక్ట్ చేశాం, ముందు లివర్‌లోకి, తర్వాత మిగతా శరీరంలోకి. లీటరు ద్రావణానికి 95 శాతం ఆల్కహాల్ 330 మిల్లీలీటర్లు, ఫార్మలిన్ 220, గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం 115, డిస్టిల్డ్ నీళ్లు 335. తల పెంకును పక్కన చీల్చి, 24 నుంచి 48 గంటలు అందులో ఉంచి, ఆ తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. డేవిడ్‌సన్‌లోనే వారాల తరబడి వదిలేసిన నమూనాలు తరచూ వస్తుంటాయి. ఆ ఆమ్లంలో కణజాలం పాడవుతుంది, దాని నుంచి పీసీఆర్‌కు డీఎన్‌ఏ కూడా సరిగా రాదు.

స్లైడులు, ప్లేట్లు, పీసీఆర్

తాజా స్లైడులో వంద రెట్ల ఆయిల్ లెన్స్ కింద చిన్న రొయ్యల లివర్‌లో మెరిసే అండాకారపు చుక్కలు కనబడ్డాయి. ఈహెచ్‌పీ స్పోర్ (అది వ్యాపించే బీజం) పొడవు 1.1 నుంచి 1.7 మైక్రాన్లు, వెడల్పు ఒక మైక్రాన్ లోపే. ఇంత చిన్నదాన్ని కొవ్వు బొట్టు నుంచి విడదీయడం కష్టం. కొవ్వు బొట్లు గుండ్రంగా, రకరకాల సైజుల్లో ఉంటాయి. స్పోర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఒకే సైజులో, కోలగా ఉంటాయి. అనుభవం ఉన్న కన్ను కూడా ఇక్కడ పొరబడవచ్చు, అందుకే స్లైడును అనుమానం వరకే వాడాలి, నిర్ధారణకు వాడకూడదు.

కల్చర్‌లో ముందు ల్యాబ్ వేయని పోలిక వేశాం. ఇదే చెరువులోని పెద్ద రొయ్యలు, చిన్న రొయ్యలు, ఇదే కాలువ మీద బాగా ఎదుగుతున్న వేరే చెరువు రొయ్యలు. మూడింటిలోనూ విబ్రియో లెక్క దాదాపు ఒకే స్థాయిలో వచ్చింది, ఆకుపచ్చ కాలనీల వాటా కూడా. ఆ కాలనీలు విబ్రియో పారాహీమోలిటికస్ అని తేలాయి. ప్రమాదకరమైన పిర్‌ఏ, పిర్‌బీ టాక్సిన్ జన్యువులకు పీసీఆర్ చేస్తే అవి లేవు. ఎదుగుదల తేడాను విబ్రియో ఒక్కదాని మీద వేయడానికి ఇక ఆధారం లేదు. అలాగని దానికి సంబంధమే లేదనీ అనలేం. ఈహెచ్‌పీతో పాటు కొన్ని రకాల విబ్రియో పారాహీమోలిటికస్ కలిసినప్పుడు తెల్ల రెట్టలు వస్తాయని ప్రయోగాల్లో చూపించారు. అయోడిన్ వేసినప్పుడు వారం పాటు రెట్టలు తగ్గి, ఎదుగుదల మాత్రం కదలకపోవడం ఆ చిత్రంతో సరిపోతుంది.

పీసీఆర్‌లో మొదటి నిర్ణయం ఏ జన్యువును వెతకాలన్నది. రైబోసోమల్ జన్యువు మీద పనిచేసే పాత ప్రైమర్లు (వెతకాల్సిన జన్యువుకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఈహెచ్‌పీకి దగ్గరి చుట్టాలైన ఇతర మైక్రోస్పోరిడియాను కూడా పట్టుకోవచ్చు. రెట్టలు, పురుగులు, పీతల్లాంటి కలగాపులగం నమూనాల్లో ఇది తప్పు పాజిటివ్ ఇస్తుంది. అందుకే స్పోర్ గోడ ప్రొటీన్ జన్యువును వెతికే ఎస్‌డబ్ల్యూపీ నెస్టెడ్ పీసీఆర్, అంటే రెండు దశల పీసీఆర్, ఎంచుకున్నాం. మొదటి దశలో 514 బేస్ జతల బ్యాండు, రెండో దశలో 148. స్పోర్ గోడలో కైటిన్ ఉంటుంది, సాధారణ లైసిస్ బఫర్‌కు తేలిగ్గా లొంగదు. అందుకని కణజాలాన్ని బీడ్లతో కొట్టి, ప్రొటీనేజ్ కే వేసి 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాం.

లివర్ డీఎన్‌ఏలో పీసీఆర్‌ను అడ్డుకునే పదార్థాలు ఎక్కువ. ప్రతి నమూనాతో పాటు రొయ్య సొంత జన్యువు ఒకటి కంట్రోల్‌గా నడపకపోతే నెగెటివ్‌కు అర్థం లేదు. రెండు నమూనాల్లో ఆ కంట్రోల్ కూడా రాలేదు. డీఎన్‌ఏను పది రెట్లు పలచన చేసి మళ్లీ పెడితే కంట్రోలూ వచ్చింది, ఈహెచ్‌పీ బ్యాండూ వచ్చింది. పలచన చేస్తే పాజిటివ్ అవడం వింతగా అనిపిస్తుంది గానీ, పలచనయ్యింది లక్ష్యం కంటే ముందు అడ్డంకి. నెస్టెడ్‌లో మొదటి ట్యూబు తెరిచి రెండోదానికి మార్చాలి కాబట్టి గాలిలో ఎగిరిన పాత ముక్కలు కొత్త ట్యూబుల్లో పడే ప్రమాదం ఎక్కువ. డీఎన్‌ఏ వేయని ట్యూబు ప్రతి దశలోనూ ఉండాలి, అందులో బ్యాండు వస్తే ఆ రోజు పనంతా పారేయాలి.

ఫలితం: చిన్నవీ పెద్దవీ రెండూ పాజిటివ్. ఐహెచ్‌హెచ్‌ఎన్‌వీ అన్నింటిలోనూ నెగెటివ్.

ఇక్కడ ఆగిపోతే కేసు సగంలోనే ఉన్నట్టు. రెండు గుంపులూ పాజిటివ్ అయితే సైజు తేడాకు ఈహెచ్‌పీ కారణం ఎలా అవుతుంది? రెండు గుంపులనూ మొదటి నుంచి విడదీసింది ఈ ప్రశ్న కోసమే. ఎంత ఉందో కొలిచే క్వాంటిటేటివ్ పీసీఆర్‌లో చిన్న రొయ్యల సీటీ (లక్ష్యం కనబడటానికి పట్టిన పీసీఆర్ చక్రాల సంఖ్య) 19 నుంచి 22 మధ్య, పెద్దవాటిది 29 నుంచి 32 మధ్య వచ్చింది. సీటీ ఒకటి తగ్గితే లక్ష్యం సుమారు రెట్టింపు అవుతుంది, పది తగ్గితే వెయ్యి రెట్లు. ఎదగని రొయ్య లివర్‌లో ఎదిగినదానికంటే వెయ్యి రెట్లు పరాన్నజీవి ఉంది. హిస్టాలజీ దీన్ని గట్టిపరిచింది. చిన్న రొయ్యల గొట్టాల కణాల్లో నీలిరంగు పట్టిన ప్లాస్మోడియాలు (స్పోర్‌కు ముందు దశ), స్పోర్ గుంపులు, లోపలికి ఊడిపోయిన కణాలు ఉన్నాయి. పెద్దవాటిలో అక్కడక్కడా ఒకటి రెండు కణాలే. విబ్రియో లెక్కలో లేని తేడా ఇక్కడ ఉంది.

ఆ తర్వాత చెరువులో

ఈహెచ్‌పీని చెరువులో నయం చేస్తుందని నిరూపితమైన మందు లేదు. బ్యాక్టీరియా కాదు కాబట్టి యాంటీబయాటిక్‌తో పని జరగదు. పైగా అవశేషాలు దొరికితే ఎగుమతి కంటైనరే వెనక్కి వస్తుంది. కాబట్టి నిర్ణయం లెక్క మీద తీసుకోవాల్సి వచ్చింది. బతికున్నవి మూడు లక్షల నలభై వేలు అనుకుంటే చెరువులో బరువు 1,700 కిలోలు. రోజుకు 60 కిలోల మేత, వారానికి 420. వారానికి సగటున పెరిగేది అర గ్రాము, అంటే మొత్తం 170 కిలోలు. కిలో రొయ్యకు రెండున్నర కిలోల మేత. ప్రతి వారం ఆగితే నష్టం పెరుగుతుంది, రెట్టలతో స్పోర్లూ పెరుగుతాయి. పట్టుబడి చేసేయమన్నాం.

నీళ్లు అలాగే కాలువలోకి వదలొద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ప్రయోగశాలలో 40 పీపీఎం క్లోరిన్ 15 నిమిషాల్లో స్పోర్లను నిర్వీర్యం చేసింది. నీటిమట్టం అడుగుకు దించితే 3,000 ఘనమీటర్లు, దానికి 120 కిలోల క్లోరిన్ కావాలి, 30 శాతం బ్లీచింగ్ పౌడరైతే 400 కిలోలు. బురద క్లోరిన్‌ను తాగేస్తుంది కాబట్టి అవశేష క్లోరిన్ కొలిచి, తగ్గితే మళ్లీ వేయించాలి.

అసలు పని అడుగు మట్టి దగ్గర. హెక్టారుకు 6 టన్నుల పొడి సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్, వేసి 10, 12 సెంటీమీటర్ల లోతు దున్ని, తడిపి, మట్టి పీహెచ్ 12కు చేరాక వారం వదిలేయాలి. డెల్టాలో ఇది రెండు చోట్ల చెడుతుంది. మొదటిది సరుకు. చౌకగా దొరికే డాలమైటు, సున్నపురాయి పొడి ఎన్ని టన్నులు వేసినా పీహెచ్ 8.5 చుట్టూనే ఉంటుంది. తేమకు పాడైన సంచులూ అంతే. గుప్పెడు సున్నం మీద నీళ్లు పోస్తే పొంగి, ఆవిరి రావాలి, రాకపోతే లారీ వెనక్కి పంపాలి. రెండోది నేల. ఊట పైనే ఉండే నల్లరేగడి పూర్తిగా ఎండదు, మధ్య గుంట ఎప్పుడూ తడిగా ఉంటుంది, స్పోర్లు ఎక్కువ చేరేదీ అక్కడే. ఆ గుంట చుట్టూ సన్న కాలువ తీసి నీళ్లు లాగి, నల్ల బురద తీసేసి, సున్నం మిగతా చోట కంటే ఎక్కువ వేయించాం. పది చోట్ల మట్టి నీళ్లలో కలిపి పీహెచ్ చూస్తే రెండు చోట్ల 10 దాటలేదు. అక్కడ మళ్లీ వేశారు.

కొత్త సీడ్‌కు 150 పిల్లలు తీసి, అన్నీ ఒకే ట్యూబులో కాకుండా ముప్పై చొప్పున అయిదు గుంపులుగా పరీక్షించాం. రెండు శాతం పిల్లలకు జబ్బున్నా దొరకడానికి 150 కావాలి, కానీ అన్నీ కలిపి నూరితే మూడు పిల్లల్లోని కాస్త డీఎన్‌ఏ మిగతా వాటిలో మునిగిపోతుంది. కళ్లు తీసేయాలి, వాటిలోని పదార్థం పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. సీడ్ నెగెటివ్ వచ్చినా అది ఆ రోజు మాటే. అందుకని నెల దాటాక ముప్పై రొయ్యల లివర్ మళ్లీ చూశాం, నెగెటివ్. అరవయ్యో రోజు రెట్టలో సీటీ 34 దగ్గర బలహీనమైన పాజిటివ్ వచ్చింది. అప్పటికి సగటు 11 గ్రాములు, సైజు సమంగా ఉంది. 40 కౌంట్ దాకా ఆగుదామన్న ఆలోచన మానుకుని 60 కౌంట్‌కే పట్టేశారు.

సీడ్, నెల పరీక్ష రెండూ నెగెటివ్ అయ్యాక వచ్చిన ఆ పాజిటివ్ కాలువ వైపే చూపిస్తుంది. అదే కాలువ మీది నాలుగు పొరుగు చెరువుల రెట్టలు పరీక్షిస్తే రెండింట్లో ఈహెచ్‌పీ ఉంది, వాటి యజమానులు అప్పటిదాకా విబ్రియోకే మందులు వాడుతున్నారు. ఇప్పుడు ఆ కాలువ మీది రైతులు తూము ఎత్తే ముందు ఒకరికొకరు ఫోన్ చేసుకుంటున్నారు, పై చెరువు నీళ్లు వదిలిన పోటుకు కింది చెరువులు మోటార్లు ఆపుతున్నాయి. మా నమూనా ఫారంలో రొయ్య ఏ భాగం, బతికుందా చచ్చిందా, చెక్ ట్రేదా వలదా అన్న గడులు నింపకుండా పరీక్ష మొదలుపెట్టడం లేదు. రిపోర్టులో కూడా "నెగెటివ్" అన్న ఒంటరి మాట తీసేసి "ఇన్ని రొయ్యల హెపాటోపాంక్రియాస్‌లో కనబడలేదు" అని రాస్తున్నాం.